తాలింపుకు ముందు తీసిన ముద్ద

*కుక్కలకు 'సహజాహారం' పెట్టాలన్న మాట ఇప్పుడు నగరాల్లో గట్టిగా వినిపిస్తోంది. చిరుధాన్యాలు, ఉడికించిన మాంసం, గుమ్మడికాయ కలిపిన పొట్లాలు ఇంటి గుమ్మానికే వస్తున్నాయి. బషీరాబాద్, తాండూరు పల్లెల్లో కుక్క తరతరాలుగా జొన్న రొట్టె, పప్పు, సల్ల తింటూనే ఉంది. ఆ పాత తిండిలో నిలబెట్టుకోవాల్సిందేమిటి? సరిదిద్దుకోవాల్సిందేమిటి?*

పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు. బషీరాబాద్ శివారులో కోత అయిపోయిన కంది చేను. ఎరువు కోసం రైతు పట్టించిన గొర్రెల మంద మోళ్ల మధ్య ఒక్కొక్కటిగా లేస్తోంది. భుజాన గొంగడి వేసుకున్న కాపరి సద్ది మూట విప్పాడు. జొన్న రొట్టెలు, పుంటికూర, కొంచెం పల్లీల పొడి. తాను నోట్లో పెట్టుకునే ముందు ఒక రొట్టె చించి, సత్తు గిన్నెలో పోసిన సల్లలో నానేసి పక్కకు జరిపాడు. రాత్రంతా మంద చుట్టూ తిరిగిన కుక్క అంతసేపూ దూరంగా కూర్చుని చూస్తోంది. పిలుపు విన్నాకే లేచి వచ్చింది. నాలుగు గుటకల్లో గిన్నె ఖాళీ.

అదే పొద్దున, ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఇంకో కుక్క తిండి ఫ్రిజ్‌లోంచి బయటికి వస్తుంది. పొట్లం మీద జొన్న, రాగి, కోడిమాంసం, గుమ్మడి అని రాసి ఉంటుంది. రంగు, రసాయనం కలపలేదన్న హామీ కూడా ఉంటుంది. దాన్ని కొన్నవారి ప్రేమలో లోటు లేదు. కాపరి ప్రేమలోనూ లేదు. అయితే ఈ రెండు కుక్కల ఆరోగ్యాన్నీ తేల్చేది ప్రేమ ఒక్కటే కాదు. గిన్నెలో ఏం పడింది, ఏం పడలేదు, ఎప్పుడు పడింది అన్నది కూడా.

ఎందుకిప్పుడు ఈ మాట

కుక్క తిండి ఒక ఇంటి సంగతిగా ఉండే రోజులు పోయాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పసివాడు ప్రాణాలు కోల్పోయాక రాష్ట్రమంతా కలవరపడింది. 2025 జులైలో సుప్రీంకోర్టు వీధికుక్కల వ్యవహారాన్ని స్వయంగా చేపట్టింది. ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో ఎక్కడబడితే అక్కడ వీధుల్లో తిండి పెట్టకూడదనీ, మున్సిపల్ వార్డుల్లో అందుకు ప్రత్యేక స్థలాలు చూపాలనీ చెప్పింది. అప్పటినుంచి టీ కొట్టు దగ్గరా, టీవీ చర్చల్లోనూ ఒకటే వాదన: పెట్టాలా, వద్దా?

ఈ వాదనలో మరుగున పడిపోయిన ప్రశ్న ఒకటుంది. పెట్టేవాళ్లు ఏం పెడుతున్నారు? వీధి మూలన విసిరే గ్లూకోజ్ బిస్కెట్లు పిండీ చక్కెరా తప్ప మరొకటి కాదు. ఫంక్షన్ హాల్ వెనక పారేసే బిర్యానీలో ఉప్పు, మసాలా, పాలిథిన్ ముక్కలు కలిసే ఉంటాయి. ప్యాకెట్ తిండి మీద అనుమానం వచ్చి 'సహజం' వైపు తిరిగినవారిలో కొందరు పచ్చిమాంసం మొదలుపెడుతున్నారు. ఈ మూడింటికీ భిన్నమైన దారి మన వంటింట్లోనే ఉంది.

కాగ్నా ఒడ్డున పాత బంధం

వికారాబాద్ ప్రాంతంలో పుట్టి తాండూరు మీదుగా పడమటికి సాగే కాగ్నా కర్ణాటకలో భీమా నదిలో కలుస్తుంది. బషీరాబాద్ పక్కనే సరిహద్దు. ఆ నది వెంట దిగువకు పోతే సేడం తాలూకాలో మళ్ఖేడ్ వస్తుంది. ఒకప్పటి మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. అక్కడినుంచి పాలించిన మూడో కృష్ణుడి కాలంలో, పదో శతాబ్దం నడుమ, మండ్య ప్రాంతంలోని ఆతకూరులో ఒక శిలాశాసనం వేశారు. మణలేరుడనే వీరుడికి గంగరాజు బూతుగుడు ఇచ్చిన వేటకుక్క పేరు కాళి. అది అడవిపందితో పోరాడి దాన్ని చంపింది, తానూ చనిపోయింది. ఆ కుక్క స్మృతికి రాయి నిలిపి, పూజకు భూమి కూడా ఇచ్చారు. దక్కన్ పల్లె కుక్కకు ఇచ్చిన విలువకు అంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి? ఇవాళ్టికీ ఈ చేలల్లో అడవిపందుల బెడద తప్పలేదు, కుక్క కాపలా కూడా తప్పలేదు.

ఆ కుక్కల వారసులు ఏం తిని బతికాయన్నది వాటి రక్తంలోనే రాసి ఉంది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. పిండిపదార్థాన్ని అరిగించే ఏఎంవై2బి అనే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని అందులో తేలింది. మనిషి గింజలు పండించడం మొదలుపెట్టాక, అతడి పొయ్యి పక్కన చేరిన కుక్క కడుపు కూడా మారిందన్నమాట. సేద్యం ఎరగని చోట్ల పెరిగిన డింగో, హస్కీ లాంటి వాటిలో ఈ ప్రతులు తక్కువ. 'కుక్క తోడేలే, దానికి మాంసం తప్ప గింజ పనికిరాదు' అనే మాట మన ఊరి కుక్క విషయంలో నిలవదు. ఉడికిన జొన్న దానికి అరుగుతుంది. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పేరుతో ప్రసిద్ధి చెందిన వేటకుక్కలు కూడా పల్లెల్లో జొన్న, మొక్కజొన్న, పాలతోనే పెరిగాయి.

> కుక్క గిన్నె మారిన తీరు
>
> ■ 1860 ప్రాంతం: అమెరికా నుంచి లండన్ వచ్చిన జేమ్స్ స్ప్రాట్ గోధుమపిండి, కూరగాయలు, మాంసంతో కుక్క బిస్కెట్లు తయారుచేసి అమ్మాడు. కుక్క తిండి వ్యాపారానికి అది తొలి అడుగు.
>
> ■ 1950 దశకం: అమెరికాలో ప్యూరినా కంపెనీ పిండిని వేడి, ఒత్తిడి మధ్య యంత్రంలోంచి నెట్టి ఉబ్బించిన పొడి గుళికలను బజారులోకి తెచ్చింది.
>
> ■ 1993: ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ రాసిన 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' పుస్తకం పచ్చిమాంసం, బొక్కల వాదానికి ఊపునిచ్చింది.
>
> ■ 2012: పచ్చి లేక సరిగా ఉడకని మాంసాహారం పెంపుడు జంతువులకు పెట్టవద్దని అమెరికా పశువైద్య సంఘం విధానపరంగా ప్రకటించింది.
>
> ■ 2023: మన దేశ చొరవతో ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. జొన్నకు మళ్లీ మంచిరోజులు వచ్చాయి.

ప్యాకెట్ మీద అనుమానం ఎక్కడిది?

ప్యాకెట్ తిండిని ఒక్క మాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు. పోషకాలన్నీ లెక్కకట్టి కలపడం దాని బలం. పరుగెత్తే జీవితాల్లో చాలా ఇళ్లకు అది అక్కరకొస్తోంది. మార్స్ సంస్థకు మన సిద్దిపేట జిల్లాలోనే పెంపుడు జంతువుల ఆహార కర్మాగారం ఉంది. దాని విస్తరణకు మరో 800 కోట్ల రూపాయలు పెడతామని 2023లో ఆ సంస్థ ప్రకటించిందంటే గిరాకీ ఎంతుందో తెలుస్తుంది.

అయినా జనానికి భయం పట్టుకోవడానికి కారణాలున్నాయి. 2007లో అమెరికాలో కుక్కలు, పిల్లులు ఉన్నట్టుండి మూత్రపిండాలు దెబ్బతిని చనిపోసాగాయి. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ కల్తీ చేశారని తేలింది. ప్రొటీన్ పరీక్షలో అంకె ఎక్కువ కనబడాలని ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే పదార్థాన్ని కలిపారు. లెక్కలేనన్ని ప్యాకెట్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఏం తింటున్నదో చెప్పలేని మూగజీవి గిన్నెలో ఏముందో తనకు తెలియాలని ప్రతి యజమానీ అనుకోవడం అక్కడినుంచే పెరిగింది.

తర్వాత గాలి ఇంకో వైపు మళ్లింది. 'గింజ లేని' తిండే మంచిదన్న ప్రచారం సాగింది. గింజల బదులు బఠానీ, మసూర్ లాంటి పప్పులు దండిగా వేశారు. అలాంటి తిండి తింటున్న కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు కనబడుతోందని 2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. కారణం పప్పులేనని ఆ సంస్థ తేల్చలేదు. కానీ కందిపప్పుకు పుట్టినిల్లయిన తాండూరుకు అందులో పనికొచ్చే పాఠం ఉంది. పప్పు తోడుగా ఉండాలి, గిన్నె నిండా అదే ఉండకూడదు.

రొట్టె ఒక్కటే పెడితే

ఇక మన పళ్లెం లెక్క చూద్దాం. ఊళ్లో మామూలుగా కనబడే పెద్ద కుక్క 15 కిలోలుంటుందనుకుందాం. రోజుకు దానికి 850 కేలరీల దాకా కావాలి. ఒక్కోటి 60 గ్రాముల పిండితో చేసిన నాలుగు జొన్న రొట్టెలు పెడితే 800 కేలరీలు వస్తాయి. కడుపు నిండుతుంది. కుక్క బక్కచిక్కదు. చూసేవారికి అంతా బాగానే ఉందనిపిస్తుంది.

లోటు లోపల ఉంటుంది. ఆ నాలుగు రొట్టెల్లో ప్రొటీన్ 24 గ్రాములు. కావాల్సింది 38 గ్రాములకు తక్కువ కాకుండా. కాల్షియం లెక్క ఇంకా కలవరపెడుతుంది. కావాల్సింది ఒక గ్రాము, అంటే 1,000 మిల్లీగ్రాములు. రొట్టెల నుంచి వచ్చేది 70 మిల్లీగ్రాములైనా కాదు. అన్నం ఒక్కటే పెట్టినా, బొక్క లేని మెత్తటి మాంసం ఒక్కటే పెట్టినా ఇదే కథ. పెరిగే కుక్కపిల్లకు ఇలా నెలలు గడిస్తే శరీరం తన బొక్కల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. కాళ్లు వంకర తిరుగుతాయి, చిన్నపాటి గెంతుకే విరుగుతాయి. దొడ్డికాళ్లతో నడిచే కుక్కపిల్లను చూసి 'పుట్టుకే అంత' అనుకుంటాం. చాలాసార్లు అది గిన్నె చేసిన పని.

ఎండ ధారాళంగా ఉన్న నేల కదా, విటమిన్-డికి కొదవేమిటి అనుకోవచ్చు. మనిషి చర్మంలా కుక్క చర్మం ఎండతో తగినంత విటమిన్-డి తయారుచేసుకోలేదు. గుడ్డు సొన, కార్జం, చేప లాంటి తిండి ద్వారానే అందాలి.

ఈ లోటు పూడ్చడానికి ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం కందిపప్పులో బాగా ఉంటుంది. రొట్టె, పప్పు కలిపి తినే మన అలవాటు కుక్కకూ మేలే. దానికి ఒక గుడ్డు తోడైతే పళ్లెం ఒక్కసారిగా బలపడుతుంది. ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా దంచిన గుడ్డు పెంకు ఒక చెంచాలో దగ్గరదగ్గర 1,900 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అర చెంచాతో ఆ 15 కిలోల కుక్క రోజు అవసరం తీరుతుంది. మనం చెత్తబుట్టలో వేసేది దాని బొక్కలకు ఆధారం.

> 15 కిలోల పెద్ద కుక్కకు ఒక రోజు పళ్లెం (సుమారుగా)
>
> ■ జొన్న పిండి లేదా రవ్వ 100 గ్రాములు: రొట్టెగానో, గటుకగానో
>
> ■ కందిపప్పు 40 గ్రాములు: మెత్తగా ఉడికించి, ఉప్పు లేకుండా
>
> ■ కోడి లేదా మేక మాంసం 100 గ్రాములు: బొక్కలు తీసి ఉడికించింది. వారంలో ఒకటి రెండు రోజులు అందులో కొద్ది భాగం కార్జం
>
> ■ ఉడికిన గుడ్లు 2
>
> ■ గుమ్మడి, సొరకాయ లేదా క్యారెట్ గుప్పెడు
>
> ■ నూనె ఒక చెంచా, గుడ్డు పెంకు పొడి అర చెంచా
>
> ఇది రెండు పూటలకు. దాదాపు 800 కేలరీలు, 50 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. సల్ల కొద్దిగా పోయవచ్చు. మాంసం లేని ఇంట్లో గుడ్లు పెంచుకోవచ్చు. కుక్కపిల్లలు, చూలు కుక్కలు, మూత్రపిండాలు లేక కాలేయం జబ్బు ఉన్నవాటి లెక్క వేరు. వాటికి పశువైద్యుడు చెప్పిందే కొలత.

ఈ పళ్లెంతో అన్నీ అందుతాయని కూడా ధీమా పడకూడదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు ఇంట్లో వండే 200 కుక్క వంటకాలను పరిశీలించి 2013లో ఫలితాలు వెల్లడించారు. వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకం చాలలేదు. ఇంటి వంటలో జింక్, విటమిన్-డి, విటమిన్-ఇ లాంటివి తరచూ తగ్గుతాయి. ఏళ్ల తరబడి ఇంటి తిండే పెట్టాలనుకునేవారు ఒక్కసారైనా పశువైద్యుడికి ఆ పళ్లెం వివరం చెప్పి, కావాల్సిన ఖనిజ, విటమిన్ మిశ్రమం రాయించుకోవాలి.

తాలింపులో ఉన్న ముప్పు

మన పప్పు కుక్కకు మంచిదే. తాలింపు పడిన పప్పు మంచిది కాదు. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. శరీర బరువులో అర శాతాన్ని మించి ఉల్లి ఒక్కసారి కడుపులో పడితే విషమవుతుంది. పది కిలోల కుక్కకు 50 గ్రాములంటే ఒక మోస్తరు ఉల్లిగడ్డ. కొంచెం కొంచెంగా రోజూ తిన్నా నష్టమే. కుక్క నీరసపడుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. ఎండ దెబ్బేమో అనుకుని ఊరుకుంటాం.

దావత్ మరునాడు మిగిలిన కూర కుక్కకు వేయడం మన ఆచారం. వేసేవారి మనసు మంచిదే. ఆ కూరలో ఉల్లి, వెల్లుల్లి, కారం, ఉప్పు, కొవ్వు అన్నీ కలిసే ఉంటాయి. పేరుకున్న కొవ్వు ఒక్కసారిగా తింటే క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చు. ఉడికిన కోడి బొక్క సూదిలా చీలి గొంతులోనో, పేగులోనో గుచ్చుకుంటుంది.

అందుకే ఈ కథనం మొత్తంలో గుర్తుంచుకోవాల్సిన పద్ధతి ఒకటే: తాలింపుకు ముందే కుక్క ముద్ద తీయాలి. పప్పు ఉడికి, ఉప్పు పడకముందు ఒక గరిటె. కూరలో మసాలా వేయకముందు ఉడికిన ముక్కలు రెండు. ఇంట్లో అందరికీ వండేదే, అదే పొయ్యి, అదే గిన్నె. మారాల్సింది వేళ మాత్రమే.

> గిన్నెలో పడకూడనివి
>
> ■ ఉల్లి, వెల్లుల్లి: పచ్చివైనా, వండినవైనా
>
> ■ ద్రాక్ష, కిస్మిస్: మూత్రపిండాలు దెబ్బతింటాయి. పాయసం, కేసరి మిగిలితే జాగ్రత్త
>
> ■ చాక్లెట్, కాఫీ, టీ
>
> ■ జైలిటాల్ వేసిన చక్కెర లేని చూయింగ్ గమ్, మిఠాయిలు: రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది
>
> ■ ఉడికిన బొక్కలు, ముఖ్యంగా కోడివి
>
> ■ మద్యం, పులిసిన పచ్చి పిండి
>
> ■ బూజు పట్టిన రొట్టె, గింజ: మనిషికి పనికిరానిది కుక్కకూ పనికిరాదు

పచ్చి పేగుల వెనక జబ్బు

'సహజం' అంటే పచ్చిగా పెట్టడమేనని నమ్మేవారు గొర్రెల నేలలో జరిగేదాన్ని తప్పక తెలుసుకోవాలి. పండుగకో, జాతరకో గొర్రెను కోస్తాం. కార్జంలోనో, ఊపిరితిత్తుల్లోనో నీటితో నిండిన తిత్తులు కనబడితే ఆ ముక్కను కోసి, ఎదురుచూస్తున్న కుక్క ముందు పడేస్తాం. ఆ తిత్తిలో ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. కుక్క పేగుల్లో అవి కొన్ని మిల్లీమీటర్ల పురుగులుగా ఎదుగుతాయి. వాటి గుడ్లు కుక్క పెంటతో బయటపడి గడ్డి మీద, కూరగాయల మీద, కుక్క బొచ్చు మీద చేరతాయి. మేసిన గొర్రెకు మళ్లీ తిత్తులు వస్తాయి. కుక్కను నిమిరి చేయి కడగకుండా తిన్న పిల్లవాడికీ వస్తాయి. వైద్యులు దీన్ని హైడాటిడ్ జబ్బు అంటారు. మనిషి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఆ తిత్తి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. బయటపడే నాటికి చాలామందికి ఆపరేషన్ తప్పదు.

ఈ గొలుసును తెంపడం కష్టం కాదు. తిత్తులున్న ముక్కను లోతుగా పాతిపెట్టాలి. కుక్కకు పెట్టే పేగు, కార్జం, ఊపిరితిత్తి ఏదైనా కనీసం అరగంట మరిగించాలి. మంద వెంట తిరిగే కుక్కకు పశువైద్యుడి సలహాతో ప్రజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు క్రమం తప్పకుండా వేయించాలి. గొర్రెకు మందు తాపించే రోజున కుక్కను మరిచిపోకూడదు. కాపరి ఇంటి పిల్లల ఆరోగ్యం సగం ఆ మాత్రలోనే ఉంది.

వీధి కుక్కకు ఎవరు పెట్టాలి?

పెంపుడు కుక్క సంగతి ఇంటివారు చూసుకుంటారు. ఊరి కుక్క ఊరందరిది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలకు తిండి పెట్టే తీరును స్పష్టంగా చెప్పాయి. పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకూ, రాకపోకల దారులకూ దూరంగా పెట్టాలి. పిల్లలు, పెద్దవారు తక్కువగా తిరిగే వేళ పెట్టాలి. మిగిలింది ఊడ్చి శుభ్రం చేయాలి. కుక్కకాటు పడిన ఇంటి బాధ, ఆకలితో ఉన్న జీవి బాధ రెండూ మనవే అనుకున్న ఊరే ఈ నిబంధనను అమలు చేయగలదు.

తిండి పెట్టే చేయికి ఇంకో శక్తి కూడా ఉంది. రోజూ ఒకే చోట, ఒకే వేళకు పెట్టేవారి దగ్గరికి కుక్క బెదరకుండా వస్తుంది. టీకా వేయాలన్నా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు పట్టాలన్నా వారి సాయంతోనే సులువవుతుంది. మాంసం దుకాణాల దగ్గర పచ్చి వ్యర్థాలు పారేయడం ఆగితే కుక్కలు గుంపులు కట్టడం కూడా తగ్గుతుంది.

ఈ నేల చేయగలిగింది

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల సంఘం దరఖాస్తుతో దక్కిన గౌరవం అది. నాపరాళ్లు ఇచ్చే ఈ సున్నపు నేలే ఆ పప్పు రుచికి మూలమని రైతులు గర్వంగా చెప్పుకుంటారు. జొన్న ఉంది, కంది ఉంది, ఇళ్లలో కోళ్లున్నాయి. నగరం డబ్బు పోసి కొనుక్కుంటున్న సహజాహారానికి కావాల్సిన దినుసులన్నీ ఇక్కడ ఇంటి పెరట్లోనే దొరుకుతాయి. కొరవడిందల్లా నాలుగు అలవాట్లు.

ఇంటివారు తాలింపుకు ముందే ముద్ద తీయాలి, గుడ్డు పెంకు పారేయకూడదు, ఎండాకాలం గుమ్మం ముందు నీళ్ల తొట్టి నింపి ఉంచాలి. కాపరులు పచ్చి పేగులు వేయడం మానాలి. పంచాయతీ బడికి దూరంగా ఒక చోటు చూపి, మాంసం వ్యర్థాలకు గుంత తవ్వించాలి. ఏటా జులై 6న జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం నాడు పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు పొద్దున్నే మెడకు తాడు కట్టి తీసుకెళ్లాలి.

కంది చేనుకు కాపలా కాసేది, మందను కాచేది, రాత్రి చప్పుడైతే మనకన్నా ముందు లేచేది కుక్కే. దాని శ్రమకు మనమిచ్చే కూలి ఆ గిన్నెడు తిండే. కూలి కొలత సరిగ్గా ఉండాలి, కూలి శుభ్రంగా ఉండాలి. ఇందుకు అదనంగా అయ్యే ఖర్చు కొద్దిపాటి. పప్పు గిన్నెలో ఉప్పు వేసే ముందు ఒక్క క్షణం ఆగి, ఒక గరిటె పక్కకు తీస్తే చాలు. ఇవాళ రాత్రి వంట నుంచే అది మొదలుపెట్టవచ్చు.